కాక్‌పిట్‌లో చోటు, కాటా మీద బరువు

1983లో వచ్చిన జేమ్స్ బాండ్ సినిమా 'ఆక్టోపస్సీ' మొదట్లో ఒక బుల్లి జెట్ విమానం కనిపిస్తుంది. గుర్రాలను తరలించే ట్రైలర్‌లోంచి బయటికొస్తుంది, తరుముకొస్తున్న క్షిపణిని తప్పించుకుంటూ ఒక హ్యాంగర్‌లో ఈ తలుపున దూరి ఆ తలుపున బయటపడుతుంది. సినిమా కోసం చేసిన బొమ్మ అనుకున్నవాళ్ళు చాలామంది ఉంటారు. అది నిజం విమానమే. జిమ్ బీడ్ అనే అమెరికన్ రూపొందించిన బి.డి.-5కు జెట్ ఇంజను పెట్టిన రకం. 1970ల మొదట్లో దాని ప్రొపెల్లర్ రకాన్ని "ఇంట్లోనే కట్టుకోండి" అంటూ కిట్‌గా అమ్మకానికి పెడితే వేలమంది డబ్బు కట్టారు. సరైన ఇంజను సమయానికి దొరకలేదు, కంపెనీ దివాలా తీసింది. చివరికి పూర్తయి గాలిలోకి లేచినవి వందల్లోనే మిగిలాయి.

ఆ వేలమందినీ లాగినవి రూపం, వేగం, ధర. ఇప్పటికీ సొంతంగా విమానం కట్టుకోవాలనుకునేవాళ్ళు మొదట చూసేవి ఈ మూడే. నన్నడిగితే ఆ వరసే తప్పంటాను. ముందు ఆ సీటులో కూర్చోబోయే మనిషి కొలతలు, తర్వాత అతని బరువు, ఆ తర్వాతే మిగతావి. ఈ అధ్యాయమంతా ఆ వాదనే.

ఇంట్లో విమానం కట్టుకోవడమేమిటని ఆశ్చర్యపడేవారి కోసం నాలుగు ముక్కలు. అమెరికాలో చట్టం దీనికి దారి ఇచ్చింది. పనిలో సగానికి పైగా కట్టుకునే వ్యక్తే నేర్చుకోవడం కోసమో సరదా కోసమో చేస్తే, ఆ విమానాన్ని 'ప్రయోగాత్మక' తరగతిలో నమోదు చేస్తారు. దీన్నే అక్కడివాళ్ళు యాభై ఒక్క శాతం నియమం అంటారు. 1953లో పాల్ పొబెరెజ్‌నీ విస్కాన్సిన్‌లో మొదలుపెట్టిన ఔత్సాహికుల సంఘం ఏటా ఓష్‌కోష్ పట్టణంలో జరిపే ఉత్సవానికి వేల విమానాలు వచ్చి వాలతాయి. రిచర్డ్ వాన్‌గ్రున్స్‌వెన్ 1973లో స్థాపించిన వాన్స్ కంపెనీ కిట్లతో, ప్లాన్లతో కట్టిన ఆర్‌వి విమానాలే ఇప్పటికి పదకొండు వేలకు పైగా ఎగిరాయి. మనవాళ్ళూ ఉన్నారు. కేరళ నుంచి వెళ్ళి ఇంగ్లండ్‌లో స్థిరపడిన ఒక ఇంజనీరు కోవిడ్ లాక్‌డౌన్ కాలంలో కిట్ తెప్పించుకుని విమానం కట్టి, 2022లో ఎగిరాడు. భార్యా ఇద్దరు కూతుళ్ళూ ఉన్న తనకు అద్దెకు దొరికే రెండు సీట్ల విమానాలు సరిపోవని నాలుగు సీట్ల కిట్ ఎంచుకున్నాడు. ఎవరు కూర్చుంటారన్నది ముందు తేల్చుకుని ఆ తర్వాత విమానం వెతికాడన్నమాట.

ఇక కొలతల్లోకి వద్దాం. చొక్కా మీద నుంచి టేపు పెట్టి ఒక భుజం అంచు నుంచి రెండో భుజం అంచుకు కొలిస్తే మగవాళ్ళలో చాలామందికి 45 నుంచి 50 సెంటీమీటర్లు వస్తుంది. భారీ మనిషైతే ఇంకా ఎక్కువ. ఇద్దరు పక్కపక్కన కూర్చుంటే ఒక మీటరు. లక్షలమంది పైలట్లు నేర్చుకున్న సెస్నా రెండు సీట్ల శిక్షణ విమానం లోపలి వెడల్పు సుమారు 40 అంగుళాలు, అంటే 102 సెంటీమీటర్లు. గురువూ శిష్యుడూ భుజాలు రాసుకుంటూ కూర్చుంటారని వేరే చెప్పక్కర్లేదు. కిట్ విమానాల్లో ఆర్‌వి-7 వెడల్పు 43 అంగుళాలు. నాలుగు సీట్ల ఆర్‌వి-10కి 48. సెస్నాకూ ఆర్‌వి-7కూ మధ్య మూడు అంగుళాలు కాగితం మీద పెద్ద తేడాగా కనపడదు. రెండు గంటల ప్రయాణంలో ఆ మూడు అంగుళాలే మోచేయి కదుల్తుందా లేదా అని తేలుస్తాయి. 1970లలో పేరుపడ్డ కె.ఆర్.-2 అనే చిన్న విమానాన్ని ప్లాన్లో ఉన్న వెడల్పు చాలక చాలామంది సొంతంగా వెడల్పు పెంచి కట్టారు. కొలిచాక కట్టడం మేలు, కట్టాక కోయడం కష్టం.

"నేను మామూలు సైజు మనిషినే, నాకెందుకు ఈ బాధ" అనేవాళ్ళకు ఒక పాత అధ్యయనం చెప్పాలి. 1950లో అమెరికా వైమానిక దళం నాలుగు వేలకు పైగా పైలట్ల శరీరాలను కొలిపించింది. గిల్బర్ట్ డేనియల్స్ అనే యువ అధికారి ఆ లెక్కల్లోంచి కాక్‌పిట్‌కు ముఖ్యమైన పది కొలతలు తీశాడు. ఎత్తు, ఛాతీ, చేతి పొడవు లాంటివి. పదింటిలోనూ సగటుకు దగ్గరగా ఉన్నవాళ్ళెందరో వెతికాడు. 4,063 మందిలో ఒక్కడూ దొరకలేదు. సగటు ఎత్తు ఉన్నవాడికి కాళ్ళు పొడుగు, సగటు కాళ్ళున్నవాడికి చేతులు పొట్టి. సగటు మనిషి కోసం చేసిన కాక్‌పిట్ ఎవరికీ సరిపోదని అప్పుడు తేలింది. ముందుకూ వెనక్కూ జరిగే సీట్లు, పెడళ్ళు ఆ తరవాత పట్టుబట్టి పెట్టించారు. కిట్ విమానాల్లో చాలావాటికి ఈ సర్దుబాటు అరకొరే. బరువు తగ్గించడానికి సీటును గట్టిగా బిగించేస్తారు. కాబట్టి బ్రోషర్‌లో "ఆరడుగుల మనిషి హాయిగా పడతాడు" అన్న వాక్యానికి విలువ లేదు. ఆరడుగుల్లో కాళ్ళెంత, మొండెమెంత అన్నదే అసలు సంగతి. మొండెం పొడుగైతే తల పైకప్పుకు తగులుతుంది. చెవులకు హెడ్‌సెట్ పెట్టుకున్నాక కూడా తల పైన నాలుగు వేళ్ళ ఖాళీ ఉండాలి, ఎందుకంటే మధ్యాహ్నపు ఎండ గాలుల్లో విమానం ఒక్కసారిగా కిందికి పడినప్పుడు తల వెళ్ళేది అక్కడికే.

ఇరుకును సమర్థించేవాళ్ళకు ఒక బలమైన వాదన ఉంది. వెడల్పు పెరిగితే గాలి ఎదురు పెరుగుతుంది, వేగం తగ్గుతుంది. నిజమే, కానీ ఎంత తగ్గుతుంది? గాలి ఎదురును తట్టుకోవడానికి కావలసిన శక్తి వేగపు ఘనంతో పెరుగుతుంది. రెట్టింపు వేగానికి ఎనిమిది రెట్ల శక్తి కావాలి. ఇదే లెక్కను తిరగేస్తే మనకు లాభం. విమానం మొత్తం మీద గాలి ఎదురు 5 శాతం పెరిగిందనుకుందాం. అదే ఇంజనుతో గరిష్ఠ వేగం తగ్గేది 2 శాతం లోపే. గంటకు 300 కిలోమీటర్లు పోయేది 295 పోతుంది. రెండు గంటల ప్రయాణంలో రెండు నిమిషాలు ఆలస్యం. దానికోసం ఆ రెండు గంటలూ భుజాలు ముడుచుకుని కూర్చోవడం నా దృష్టిలో గిట్టుబాటయ్యే బేరం కాదు.

ఒకరి వెనక ఒకరు కూర్చునే ఏర్పాటుంటే ఈ సమస్యే రాదు. విమానం సన్నగా ఉంటుంది, ఎవరి మోచేతులు వాళ్ళవి, రెండు వైపులా ఆకాశం కనపడుతుంది. ఆర్‌వి-4, ఆర్‌వి-8 ఇలాంటివే. ఎగరడమే ఆనందంగా ఉన్నవాళ్ళు వీటినే ఇష్టపడతారు. పక్కన కూర్చున్న భార్యకో స్నేహితుడికో కిందనున్న ఊరు చూపించి మాట్లాడాలనుకునేవాళ్ళకు ఇవి నచ్చవు. వెనక సీటు మనిషికి ముందున్నవాడి వీపే దృశ్యం. వాన్‌గ్రున్స్‌వెన్ మొదట ఒక సీటు విమానం, తర్వాత ముందువెనక సీట్ల విమానం చేసి, 1980లలో పక్కపక్క సీట్ల ఆర్‌వి-6 తెచ్చాడు. కుటుంబాలతో తిరిగేవాళ్ళు దాన్నే ఎగబడి కొన్నారు.

సౌకర్యమంటే మెత్తదనమని చాలామంది అనుకుంటారు. పైలట్ విషయంలో సౌకర్యమంటే అందుబాటు. చెయ్యి చాపితే చేరవలసినవన్నీ, మెడ తిప్పకుండా, భుజం కదపకుండా చేరాలి. ఇది జరగకపోతే ఏమవుతుందో చెప్పే ఉదంతం ఒకటుంది. జాన్ డెన్వర్ పేరు పాశ్చాత్య సంగీతం వినేవాళ్ళకు తెలుసు. ఆయన గాయకుడే కాదు, రెండు వేల గంటలకు పైగా ఎగిరిన పైలట్ కూడా. బర్ట్ రుటాన్ రూపొందించిన లాంగ్-ఈజీ అనే విమానాన్ని సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. దాన్ని కట్టింది మరొకరు. ఇది వెనక ఇంజను, ముందు చిన్న రెక్క ఉన్న అందమైన విమానం. పైలట్ దాదాపు వాలుకుర్చీలో ఉన్నట్టు వెనక్కి ఒరిగి కూర్చుంటాడు. రెండు రెక్కల్లోనూ పెట్రోలు ట్యాంకులు, ఒకటి ఖాళీ అయితే రెండోదానికి మార్చే మర ఒకటి. రుటాన్ ప్లాన్ ప్రకారం ఆ మర పైలట్ కాళ్ళ మధ్య ఉండాలి. కట్టిన వ్యక్తి పెట్రోలు గొట్టాలు కాక్‌పిట్‌లోకి రాకూడదనుకుని, దాన్ని పైలట్ ఎడమ భుజం వెనక పెట్టాడు. ఆలోచన చెడ్డది కాదు. అగ్నిప్రమాద భయం నిజమైనదే. కానీ చెయ్యి ఎలా చేరుతుందన్నది మరిచిపోయాడు.

1997 అక్టోబరు 12న కాలిఫోర్నియా తీరంలో మాంటెరీ అఖాతం మీద ఎగురుతుండగా ఆ విమానం సముద్రంలో కూలి డెన్వర్ చనిపోయాడు. అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి పరిశోధకులు అదే ఏర్పాటున్న కాక్‌పిట్‌లో కూర్చుని చూశారు. ఆ మర తిప్పాలంటే కుడి చేతి వైపున్న కంట్రోలు స్టిక్‌ను వదలాలి. భుజం బెల్టు వదులు చేసుకోవాలి. నడుము పైభాగాన్ని ఎడమకు పూర్తిగా తిప్పాలి. అలా తిరిగేటప్పుడు ఆనుకోవడానికి కుడి కాలు తనంతట తానే ముందుకు తన్నింది. ఆ పాదం కింద ఉన్నది కుడి రడర్ పెడల్. పెడల్ నొక్కుకుంటే విమానం పక్కకు తిరుగుతుంది. డెన్వర్‌కు ఆ విమానంలో పెడళ్ళు అందక వీపు వెనక అదనంగా దిండు పెట్టుకోవలసి వచ్చిందన్న సంగతి కూడా విచారణలో బయటికొచ్చింది. ముందుకు జరిగిన మనిషికి భుజం వెనకున్న మర ఇంకా దూరమవుతుంది. ట్యాంకులో ఎంత ఉందో చూపే గొట్టాల మీద గుర్తులు లేవు. వెనక్కి తిరక్కుండా వాటిని చూడ్డానికి డెన్వర్‌కు ఒక అద్దం ఇచ్చారు. మర తిప్పబోయి దృష్టి మళ్ళడం, తెలియకుండా రడర్ నొక్కడం ప్రమాద కారణమని మండలి తేల్చింది. ప్రయాణానికి ముందు తగిన సన్నాహం లేకపోవడాన్నీ కారణంగానే చెప్పింది, అందని చోట పెట్టిన ఆ మరను తోడైన అంశాల్లో చేర్చింది.

సెకండ్‌హ్యాండ్ విమానం కొనేవాళ్ళకు ఇందులో ఒక హెచ్చరిక ఉంది. ఒకే ప్లాన్‌తో కట్టిన రెండు విమానాలు ఒకేలా ఉండవు. ప్రతి దానిలోనూ కట్టిన మనిషి శరీరం, అభిప్రాయాలు దాగి ఉంటాయి.

ఇక కాటా దగ్గరికి పోదాం. ప్రతి విమానానికీ ఒక గరిష్ఠ బరువుంటుంది. అంతకుమించి ఎత్తకూడదు. అందులోంచి ఖాళీ విమానం బరువు తీసేస్తే మిగిలింది మనుషులకూ పెట్రోలుకూ సామానుకూ. ఆర్‌వి-12ను తీసుకుంటే గరిష్ఠ బరువు 600 కిలోలు. ఖాళీ బరువు సుమారు 340. మిగిలింది 260. ట్యాంకు నిండా 75 లీటర్ల పెట్రోలు పోస్తే, లీటరుకు 0.72 కిలో చొప్పున 54 కిలోలు. ఇక 206 కిలోలు. తొంభై కిలోల మనుషులిద్దరు ఎక్కితే సామానుకు 26 కిలోలు మిగులుతాయి. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. ఇప్పుడు కట్టినాయన తోలు సీట్లు కుట్టించాడు, నేలకు తివాచీ పరిచాడు, రెండో రేడియో పెట్టాడు, రంగు మీద రంగు మూడు పొరలు కొట్టించాడు. ఒక్కొక్కటీ చిన్నదే. మొత్తం 20 కిలోలైతే సామానులో చాలా భాగం ఇంట్లో వదిలేయాలి. లేదా 28 లీటర్ల పెట్రోలు తగ్గించాలి. ఆ ఇంజనుకు అది సుమారు గంటన్నర ప్రయాణం. హాయి కోసం పెట్టిన సీటు ఆ హాయిగా వెళ్ళగలిగే దూరాన్నే తినేసింది. ఇలా చేర్చిన బరువు ఒకసారి ఎక్కితే దిగదు, ప్రతి ప్రయాణంలోనూ వెంట వస్తుంది. వెడల్పు వల్ల వచ్చే హాయికి కొద్దిపాటి వేగంతో చెల్లిస్తాం. వస్తువులతో తెచ్చుకునే హాయికి ఎగిరినన్నాళ్ళూ దూరంతోనో సామానుతోనో చెల్లిస్తాం.

చిన్న విమానంలో మనిషి బరువు ఎంత లెక్కకొస్తుందో చూడాలంటే ఫ్రాన్సుకు వెళ్ళాలి. మిషెల్ కొలొంబా రూపొందించి 1973లో ఎగరేసిన క్రి-క్రి ఖాళీ బరువు 78 కిలోలు. రెండు ఇంజన్లతో సహా! విమానం, పైలట్, పెట్రోలు అన్నీ కలిపి 170 కిలోలు మించకూడదు. విమానమూ పైలటూ దాదాపు సమాన బరువు. అలాంటిదాంట్లో పైలట్ పది కిలోలు లావెక్కితే మొత్తం బరువు దాదాపు 6 శాతం పెరుగుతుంది. పెద్ద ప్రయాణికుల విమానంలో అదే పది కిలోలను ఎవరూ పట్టించుకోరు.

బరువు 10 శాతం పెరిగితే జరిగేదేమిటి? విమానాన్ని గాలి మోయలేక జారిపోయే కనీస వేగం, దీన్ని స్టాల్ వేగం అంటారు, బరువు వర్గమూలంతో పెరుగుతుంది కాబట్టి సుమారు 5 శాతం ఎక్కువవుతుంది. అంటే దిగేటప్పుడు ఆ మేరకు ఎక్కువ వేగంతో నేలను తాకాలి. ఎగరడానికి కావలసిన రన్‌వే సుమారుగా బరువు వర్గంతో పెరుగుతుంది, అంటే ఐదో వంతు ఎక్కువ పొడవు కావాలి. పైకెక్కే వేగం ఇంకా ఎక్కువగా దెబ్బతింటుంది, ఎందుకంటే ఎక్కడానికి వాడేది మట్టంగా ఎగరడానికి పోగా మిగిలిన శక్తినే. వేసవి మధ్యాహ్నం, పొట్టి రన్‌వే, చివర్న చెట్లు ఉన్నప్పుడు ఈ మూడూ ఒకేసారి మీదపడతాయి.

మొత్తం బరువు హద్దులో ఉంటే చాలదు. అది ఎక్కడుందన్నదీ ముఖ్యమే. కావడి మోసేవాడికి రెండు కుండలూ సరిగ్గా ఉంటే ఎంత బరువైనా నడక సాగుతుంది, ఒకటి వెనక్కి జరిగితే అడుగు పడదు. విమానానికి భుజం రెక్క. బరువు కేంద్రం రెక్క దగ్గర ఒక చిన్న పరిధిలోనే ఉండాలి. మరీ ముందుకు పోతే దిగేటప్పుడు ముక్కు పైకి లేవదు. మరీ వెనక్కి పోతే ఇంకా ప్రమాదం. స్టిక్ కొంచెం కదిపితే చాలు ముక్కు ఎగిరిపడుతుంది, స్టాల్ అయితే కోలుకోవడం కష్టం.

బెర్నార్డ్ పీటెన్‌పోల్ అనే మిన్నెసోటా గ్రామీణుడు 1920ల చివర్లో ఫోర్డ్ మోడల్-ఎ కారు ఇంజనుతో ఒక చెక్క విమానం చేశాడు. దాని ప్లాన్లు నేటికీ అమ్ముడవుతున్నాయి. అందులో పైలట్ వెనక కూర్చుంటాడు. ప్రయాణికుడు ముందు, రెక్క కిందే, బరువు కేంద్రం దగ్గరే ఉంటాడు గనక అతనున్నా లేకపోయినా తూకం పెద్దగా మారదు. తెలివైన ఏర్పాటు. కాకపోతే దాన్ని గీసింది ఆనాటి బక్కపలచ మనుషుల కాలంలో. ఇప్పటి భారీ పైలట్ వెనక కూర్చుంటే తూకం వెనక్కి పోతుంది. అందుకని కట్టేవాళ్ళు రెక్కను మోసే కమ్మీలను వెనక్కి వంచి రెక్కనే కొన్ని అంగుళాలు వెనక్కి జరుపుతారు, లేదా ఇంజనును ఇంకాస్త ముందుకు పెడతారు. లాంగ్-ఈజీలో వ్యవహారం దీనికి తలకిందులు. ఇంజను వెనక, పైలట్ బాగా ముందు. అందులో తేలికైన పైలట్ కూర్చుంటే ముక్కులో సీసం కడ్డీలు పెట్టాలి. దిగిపోయి ఖాళీగా వదిలేస్తే వెనక్కి తిరగబడుతుందని ముందు చక్రం ముడిచి ముక్కు నేలకు ఆనించి వెళ్తారు.

ఆర్‌వి విమానాల్లో చాలావాటిలో పెట్రోలు రెక్క ముందంచులో, బరువు కేంద్రానికి ముందు ఉంటుంది. పెట్రోలు ఖర్చవుతున్నకొద్దీ తూకం వెనక్కి జరుగుతుంది. వెనక సీటులో బరువైన మనిషి, అతని వెనక సామాను ఉంటే బయల్దేరేటప్పుడు హద్దులో ఉన్న విమానం దిగేవేళకు హద్దు దాటవచ్చు. కాబట్టి లెక్క రెండుసార్లు వేయాలి, ట్యాంకు నిండుగా ఒకసారి, ఖాళీగా ఒకసారి.

మెత్తటి సీటు గురించి చెప్పకుండా వదిలితే అన్యాయం. మామూలు స్పాంజి మెత్త హాయిగానే ఉంటుంది, కానీ విమానం గట్టిగా నేలను కొడితే ప్రమాదకరం. సీటు ఆగిపోయాక కూడా మనిషి మెత్తలో కిందికి పోతూనే ఉంటాడు, చివర్న గట్టి అడుగును తాకేసరికి వెన్నెముకకు తగిలే దెబ్బ అసలు దెబ్బ కంటే పెద్దది. దీనికి విరుగుడు 1966లో నాసా కోసం చార్లెస్ యోస్ట్ చేసిన, నెమ్మదిగా అణిగే ప్రత్యేకమైన ఫోమ్. ఇప్పుడు పరుపుల దుకాణాల్లో మెమరీ ఫోమ్ పేరుతో అమ్మేది దాని సంతతే. గంటలు కూర్చున్నా కింద నొప్పి పుట్టదు, దెబ్బనూ మింగుతుంది. నేనైతే సీటు కోసం ఖర్చు చేసే ప్రతి రూపాయినీ, ప్రతి గ్రామునూ దీని మీదే పెట్టమంటాను. తోలు పైకవరు పెట్టకపోయినా ఏమీ కాదు.

ఎంచుకునే ముందు మీ బరువును బట్టలతో, బూట్లతో, హెడ్‌సెట్‌తో తూచుకోండి. అమెరికా పాత నియమాల్లో ఒక మనిషికి కట్టిన లెక్క 170 పౌండ్లు, అంటే 77 కిలోలు. మీరు అంతకన్నా బరువైతే డిజైనరు లెక్క మీకు వర్తించదు. తరచూ మీతో ఎగరబోయే మనిషిని కూడా తీసుకెళ్ళి ఇద్దరూ కలిసి ఆ విమానంలో ఒక గంట కూర్చోండి. ఐదు నిమిషాల్లో ప్రతి సీటూ బాగానే ఉంటుంది. బెల్టు బిగించుకుని పెట్రోలు మర, తలుపు గడియ, రేడియో ఒక్కొక్కటీ చేత్తో తాకి చూడండి. తలకిందులైతే ఆ గడియ తీసి బయటికి రాగలరా అని కూడా చూడండి. విమానం దగ్గర్లో లేకపోతే ప్లాన్‌లోని కొలతలతో అట్టలతో, చెక్కలతో కాక్‌పిట్ నమూనా కట్టుకుని కూర్చోండి. దానికి అయ్యే ఖర్చు ఒక మంచి హెడ్‌సెట్ ధరలో పదో వంతు ఉండదు. కంపెనీ బ్రోషర్‌లో రాసిన ఖాళీ బరువును మాత్రం నమ్మకండి. అదే రకం విమానాలు కట్టి ఎగరేస్తున్న నలుగురైదుగురిని పట్టుకుని వాళ్ళ తూకం కాగితాలు అడగండి.